తెల్లవారుజామున అరిచే ఫ్యాను

2005 డిసెంబరు 18, ఆదివారం, మధ్యాహ్నం. సుమ్మాదేవి స్టేషనుకు కాస్త దూరంలో ఉన్న పల్లెలో బైరాగి ఇల్లు. ఉన్నవారు: బైరాగి, అతని భార్య దమయంతి, తల్లి సూరమ్మ, కాశీబుగ్గ నుంచి నాతో వచ్చిన కుట్టుమిషన్ల మెకానిక్ కూర్మారావు, నేను.

ఎవరి సామాను విప్పినా ముందు తేదీ, చోటు, ఎదురుగా ఉన్నవాళ్ళ పేర్లు డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఇది రేడియోలు బాగుచేసే రోజుల్లో మొదలైంది. పెట్టె మూసేటప్పుడు ఒక స్క్రూ తగ్గితే, "ఇచ్చినప్పుడు ఉంది" అనే మాట రాకూడదు కదా. కాశీబుగ్గలో నా దుకాణం రేడియోలతో పుట్టి, టేప్ రికార్డర్లు, టీవీలు దాటి కంప్యూటర్ల దగ్గరికి వచ్చింది. ఎన్ని పెట్టెలు విప్పానో చెప్పలేను. చాలావాటి సంగతి పేజీ తిప్పితే గాని గుర్తురాదు. ఈ ఒక్కటి మాత్రం ఏ పేజీ తిప్పకుండానే చెప్పగలను.

ఆ నెల మొదట్లోనే ఆ కంప్యూటరు మొదటిసారి నా దుకాణానికి వచ్చింది. ఆటోలోంచి బొంతలో చుట్టిన పెట్టెను దింపుకుని దమయంతి వచ్చింది. ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని వెనక బైరాగి. అతనికి బడి రోజుల నుంచే చూపు తగ్గుతూ వచ్చి, డిగ్రీ అయ్యేసరికి పూర్తిగా పోయింది.

"బాబాయ్, ఇది అరుత్తంది," అంది దమయంతి. మా అమ్మ తరఫు ఊరి అమ్మాయి. చుట్టరికం లేకపోయినా నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది.

పక్క దుకాణం కూర్మారావు అప్పుడే టీ గ్లాసుతో వచ్చాడు. "కంప్యూటరుకి బొంతేటమ్మా? సలేత్తందేటి దానికి?"

"అరుపు వినబడకుండా కప్పినాం మావయ్యా. కప్పిన కాసేపటికి ఆగిపోనాది."

"ఆగిపోదేటి? నిన్ను ముక్కూ నోరూ మూసి బొంతలో సుట్టి సదవమంటే సదువుతావా?"

బైరాగి నవ్వాడు. "సూడ్డానికి నాకు కళ్ళు లేవు గాని మావా, నా కంప్యూటరులో బొమ్మల కార్డు మాత్రం పలాసలోనే పెద్దదట. అమ్మినాయన సెప్పినాడు."

ఆ మాట నిజమే. అది పలాసలో మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటరులోంచి కొన్న పెట్టె. కుర్రాళ్ళు ఆటలాడుకోవడానికి అందులో పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేశారు. తెర మీద బొమ్మ కనిపించేలా చేసే పలకే గ్రాఫిక్స్ కార్డు. దాని మీదుండే చిప్పు పని చేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది. ఆ వేడి లాగడానికి దాని మీద రెక్కలు రెక్కలుగా ఉండే లోహపు దిమ్మ ఒకటి పెడతారు. దాన్ని హీట్‌సింక్ అంటాం. ఆ దిమ్మ మీద గాలి కొట్టడానికి అరచేతిలో ఇమిడిపోయే ఫ్యాను ఉంటుంది. చిన్న ఫ్యాను చాలినంత గాలి ఇవ్వాలంటే చాలా వేగంగా తిరగాలి. అందుకే అది ఈల వేసినట్టు కూస్తుంది.

"కూస్తే కూయనీ. మీకేం ఇబ్బంది?" అని అడిగాను.

అప్పుడు దమయంతి అసలు సంగతి చెప్పింది. బైరాగి టీచరు ఉద్యోగాల పరీక్షకు చదువుతున్నాడు. వయసు లెక్క ప్రకారం అతనికి ఇదే ఆఖరి అవకాశం. పరీక్షకు ఇక నెలన్నర ఉంది. జవాబులు రాయడానికి పక్కన మనిషిని ఇస్తారు గాని, చదివిపెట్టే మనిషిని ఎవరూ ఇవ్వరు. ఆమె పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది. వెళ్ళేలోగా, వీధి ఇంకా లేవక ముందే, మైకు ముందు కూర్చుని పుస్తకం పైకి చదివి కంప్యూటరులో రికార్డు చేస్తుంది. ఆమె పనిలో ఉన్నంతసేపూ అతను చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటాడు. కీబోర్డు మీది పెద్ద మీటను తడిమి ఆపుకుంటాడు, వెనక్కి పోనిచ్చుకుంటాడు.

"ఈవిడ గొంతు తగ్గిన సోటల్లా కూత పైకొచ్చెత్తంది మావా," అన్నాడు బైరాగి. "ఎనిమిదో ఎనభయ్యో తెలీదు. మొన్న ఒక రాజుని నూరేళ్ళు ముందే సంపీసినాను."

కూత తీసేసే సాఫ్ట్‌వేరు ఒకటుందని ఎవరో చెబితే అదీ వాడి చూశారట. కూతతో పాటు ఆమె గొంతూ సగం పోయి, నూతిలోంచి మాట్లాడినట్టు వచ్చిందట.

పెట్టె విప్పాను. ఫ్యాను రెక్కల మీద, హీట్‌సింక్ సందుల్లో ఎర్రటి పలుచని పొర పేరుకుని ఉంది. జీడిపప్పు మీది పొట్టు. దమయంతి చీర కుచ్చిళ్ళలోనూ జుట్టులోనూ ఇంటికి వచ్చి, అక్కణ్ణుంచి గాలితో లోపలికి వెళ్ళింది. కుంచెతో దులిపాను. ఆన్ చేస్తే ఫ్యాను మెత్తగా తిరిగింది. కూత పూర్తిగా పోలేదు గాని సగానికి పైగా తగ్గింది. ముగ్గురం విన్నాం, బాగుందనుకున్నాం.

మర్నాడు సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి దమయంతి ఫోను. "బాబాయ్, తెల్లారగట్ల నిన్నటికన్నా గట్టిగా అరిసినాది. ముందు తిరగనేలేదు. తర్వాత కీసుకీసుమని పిల్లి మీద కాలేసినట్టు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు సప్పుడు లేదు."

మళ్ళీ తెమ్మన్నాను. ఆ మర్నాడు మధ్యాహ్నానికి తెచ్చారు. నా బల్ల మీద ఫ్యాను బుద్ధిమంతుడిలా తిరిగింది. గంటలకొద్దీ ఆన్‌లో ఉంచాను. ఆపి, మళ్ళీ వేశాను. ఏమీ లేదు. కరెంటు వోల్టేజి తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుందేమోనని అనుమానం వచ్చింది. వాళ్ళ పల్లెలో పంపుసెట్లు ఆగి ఉన్నప్పుడు అలా జరగొచ్చు. కాని ఫ్యానుకు వచ్చేది నేరుగా ఇంటి కరెంటు కాదు. ఎస్‌ఎంపీఎస్ అనే డబ్బా దాన్ని దించి, ఒకే తీరున పంపుతుంది. ఆ కారణం నిలవలేదు.

"దెయ్యం పట్టినాది బావా," అన్నాడు కూర్మారావు. "మిషను మంచిదే. నీ దుకాణంలోకొస్తే బయపడి నోరు మూసుకుంటంది."

వేళాకోళానికి అన్నా ఆ మాట నన్ను పట్టుకుంది. నా దుకాణానికి మిషను వస్తుంది గాని, అది అరిచే వేళ రాదు. మరి ఆ వేళ దగ్గరికి నేనే వెళ్ళాలి.

పెట్టెను వాళ్ళింటికి పంపేసి, శుక్రవారం చీకటితోనే స్కూటరు మీద బయల్దేరాను. మార్గశిర మాసపు మంచు. జీడితోటల మధ్య దారి హెడ్‌లైటు ముందు బారెడు దూరమే కనిపించింది. వాళ్ళింటికి చేరేసరికి దమయంతి పుస్తకం తెరిచి కూర్చుని ఉంది. మైకు ముందు కాదు, పక్కన. కంప్యూటరు అప్పటికే అరుస్తోంది.

అది దుకాణంలో నేను విన్న శబ్దం కాదు. ఫ్యాను ఒక రెక్క మేర కదిలి, ఆగి, మళ్ళీ వణికి, కీచుమంటూ తిరుగుతోంది. మూత తీసి, వేలితో రెక్కను మెల్లగా తాకి చూశాను. దుమ్ము వల్ల పట్టేసిన ఫ్యాను వేలికి గరగరలాడుతుంది. ఇది అలా లేదు. చల్లారిన బెల్లప్పాకంలో గరిటె తిప్పినట్టుంది. నేను చూస్తుండగానే, కాసేపటికి, దానంతట అదే వేగం అందుకుంది. కీచు తగ్గి, మామూలు ఈల మిగిలింది.

"సూసినావా మావా?" అన్నాడు మంచం మీంచి బైరాగి. "రోజూ ఇదే. ఆ అరుపు సల్లబడేసరికి ఈవిడ పనికెళ్ళే వేళయిపోతాది."

ఏమీ అంతుబట్టక అలాగే కూర్చున్నాను. దమయంతి పనికి వెళ్ళడానికి జడ వేసుకోబోతూ, గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసి, పొయ్యి గట్టు మీద పెట్టింది. నిప్పుకు దగ్గరగా, సీసా పగలనంత దూరంగా. ఆ సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఎందుకమ్మా అక్కడ పెట్టావు?" అన్నాను.

ఆ ప్రశ్నకు ఆమె ఆశ్చర్యపోయింది. "సలికి పేరుకుపోనాది గదా బాబాయ్. కరగద్దా?"

నేను లేచి ఫ్యానును కార్డు మీంచి విప్పాను. వెనక తిరగేస్తే, బేరింగ్ మీద అతికించే గుండ్రటి చీటీ ఉంది. బేరింగ్ అంటే ఇరుసు తిరిగే గొట్టం. చీటీని గోరుతో లేపాను. అంచున, ఇంకా కరగని నూనె వెన్నలా తెల్లగా మిగిలి ఉంది. వాసన చూశాను. అనుమానం లేదు.

"ఇందులో కొబ్బరినూనె ఎవరు వేశారు?"

సూరమ్మ వాకిట్లోంచే జవాబు చెప్పింది. "మేవే ఏసినాం. తలుపు కిర్రుమంటే ఎయ్యమేటి? సైకిలుకి ఎయ్యమేటి? మన సెట్టుకాయ, గానుగలో ఆడించిన నూని. కల్తీ లేదు నాయనా."

బైరాగి మెల్లగా అన్నాడు. "సీటీ కింద కన్నముంటాదని నాకు తెలుసు మావా. సూపున్నప్పుడు టేబుల్ ఫ్యానులు ఇప్పినోణ్ణి. మిగిలిన కూత కూడా పోతాదని, నీ కాణ్ణుంచి మొదటిసారి తెచ్చిన రోజే తడిమి సూపెట్టినాను. ఈవిడ సుక్కలేసి మళ్ళీ అతికించేసింది. ఆరోజు శబ్దం తగ్గినాది కూడాను."

తగ్గి ఉంటుంది. వాళ్ళు వేసింది మధ్యాహ్నం. ఆ వేళకు నూనె నీళ్ళలా పారుతుంది. రాత్రి మంచుకు బేరింగ్ లోపల గడ్డకడుతుంది. తెల్లవారుజామున ఫ్యాను ఆ గడ్డను నలుపుకుంటూ తిరగాలి. రాపిడికి వేడెక్కి నూనె కరిగితే అరుపు ఆగుతుంది. ఎండెక్కాక నా దుకాణానికి తెస్తే ఏముంటుంది? కొబ్బరితోటలు లేని ఊళ్ళో ఎవరైనా ఈ పని చేసి ఉండేవారా అని అప్పుడే అనుకున్నాను. మా కొబ్బరితోటల సీమ ఉద్దానంలో ఇంటి నూనె అన్నిటికీ మందు. ఆ మందు వికటించే కాలం కూడా అందరికీ తెలుసు. కాని తలకు రాసుకునే నూనె గురించి తెలిసినది, కంప్యూటరులో వేసిన నూనెకు కూడా వర్తిస్తుందని ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

కారణం తెలిసింది గాని దానికి విరుగుడు ఇంకా దొరకలేదు. రోజూ అలా నలిగి బేరింగ్ అరిగిపోయింది. కడిగి, మిషను నూనె వేసినా ఎక్కువ కాలం రాదు. పైగా, కొత్తదైనా సరే, అంత చిన్న ఫ్యాను ఈల వేయక మానదు.

"ఫ్యాను లేని సిన్న కార్డు ఏసెయ్యి బావా. ఆయనేవైనా ఆటలాడతాడేటి?" అన్నాడు కూర్మారావు, ఆ పొద్దున దుకాణంలో.

నేనూ అదే అనుకున్నాను. కాని నా దగ్గరున్న పాత కార్డులు ఆ మదర్‌బోర్డు స్లాటులో దిగవు. మదర్‌బోర్డు అంటే అన్ని భాగాలూ కూర్చునే పెద్ద పలక, స్లాటు అంటే అందులో కార్డు గుచ్చే గాడి. కొత్తగా వస్తున్న కార్డులు మరో రకం గాడికి చేసినవి. ఈ పెట్టె రెండు తరాల మధ్యన చిక్కుకుంది. కార్డు అదే ఉండాలి, చల్లబరిచే ఏర్పాటు మాత్రం మారాలి.

ఒక పాత ఆంప్లిఫయరులోని పెద్ద హీట్‌సింక్ బిగిస్తే ఫ్యానే అక్కర్లేదు. చేతిలోకి తీసుకుంటే తెలిసింది, ఆ బరువుకు కార్డు వంగిపోతుంది. ఇక విడిగా దొరికే కూలర్లు. కార్డుతో వచ్చినదాన్ని పీకేసి దాని స్థానంలో పెట్టుకోవడానికి అమ్మేవి. విశాఖపట్నంలో విడిభాగాలమ్మే స్నేహితుడికి ఫోను చేస్తే, ఒక్కటే ఉందన్నాడు. రాగి అడుగు, పలుచని రెక్కలు, మీద బొప్పాయి ముక్కంత వెడల్పు ఫ్యాను. వెడల్పు ఫ్యానులో ఉన్న సుఖమేమిటంటే, అది నెమ్మదిగా తిరిగినా గాలి చాలుతుంది. శనివారం బస్సు పార్సిల్లో వచ్చింది. కూలరుకు ఉన్న రంధ్రాలు, నేను వెంట తెచ్చుకున్న కార్డుకు ఉన్న రంధ్రాలు ఒకదానికొకటి కుదరలేదు.

ఇదీ ఆదివారం మధ్యాహ్నం మేం వాళ్ళింటికి చేరేసరికి పరిస్థితి. దుకాణంలో కాకుండా అక్కడే ఎందుకు బిగించామంటే, మర్నాడు తెల్లవారుజామున అదే చోట, అదే చలిలో పరీక్షించాలని నేను పట్టుబట్టాను. అదే ఊళ్ళో కూర్మారావు పిన్ని ఇల్లుంది. ఆ రాత్రికి అక్కడ ఉంటామని చెప్పాడు.

మొదటి గండం పాత హీట్‌సింక్. అది చిప్పుకు జిగురుతో అతికి ఉంది. బలంగా లాగితే చిప్పు అంచు విరుగుతుంది. విరిగితే బొమ్మ రాదు. ఆ గాడికి సరిపడే మరో కార్డు కోసం తిరగడానికి పరీక్ష ఆగదు.

"మావా," అన్నాడు బైరాగి. "పోతే పోనాదని సెప్పెయ్యి. దాయకు."

"నోర్ముయ్యి," అంది సూరమ్మ. "మంచి మాట రాదేటి నీ నోట?"

కార్డును కాసేపు పని చేయించి వేడెక్కనిచ్చాను. వేడికి జిగురు కొంత మెత్తబడుతుంది. తర్వాత స్విచ్చి ఆపి, కార్డు బయటికి తీసి, హీట్‌సింక్ అంచున గోరు పెట్టి చూశాను. కదల్లేదు. కూర్మారావు తన సంచిలోంచి తోలు కుట్టే నైలాన్ దారం తీశాడు. "లాగడం ఎందుకు బావా? కొయ్యి. ఉడికిన గుడ్డుని దారంతో కోసినట్టు."

కార్డును నేను పట్టుకున్నాను. అతను దారాన్ని హీట్‌సింక్‌కూ చిప్పుకూ మధ్య దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడించాడు. ఉన్నట్టుండి టక్‌మని దిమ్మ ఊడి నా ఒళ్ళో పడింది.

"పోనాదా?" అన్నాడు బైరాగి.

చిప్పును వెలుతురుకు పెట్టి నాలుగు అంచులూ చూశాను. "లేదు. బాగుంది."

దమయంతి నా ఒళ్ళోంచి దిమ్మను తీసి పక్కన పెట్టింది.

రంధ్రాలు కుదరని సంగతి కూర్మారావే చూసుకున్నాడు. సన్నని ఇనప పట్టీని వంచి, కూలరు మీదుగా వంతెనలా వేసి, కార్డు రంధ్రాల్లో బిగించాడు. ఇనుము కార్డుకు తగిలి షార్ట్ కాకుండా, సైకిలు పంపులో వాడే తోలు వాషర్లు మధ్యన పెట్టాం. చిప్పు మీద థర్మల్ పేస్ట్ పలుచగా రాశాను. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని సందుల్ని నింపి, వేడిని దాటించే తెల్లటి ముద్ద అది. ఎక్కువ రాస్తే మేలు అనుకుంటారు గాని, ఎక్కువైతే అదే అడ్డుగోడ.

ఆఖరున ఫ్యాను తీగ. మామూలుగా దానికి పన్నెండు వోల్టులు ఇస్తారు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పసుపు తీగలో పన్నెండు, ఎర్ర తీగలో ఐదు ఉంటాయి. ఫ్యానును పసుపుకూ నలుపుకూ కాకుండా, పసుపుకూ ఎరుపుకూ మధ్య కలిపితే దానికి అందేది ఏడే. ఫ్యాను నింపాదిగా తిరుగుతుంది. ఇది తెలియనివాళ్ళు చేయకూడని పని, తీగ తప్పితే చాలా కాలిపోతాయి. ఆట ఆడే కార్డుకు ఆ గాలి చాలదేమో గాని, గొంతు రికార్డు చేసే కార్డుకు చాలు.

ఆన్ చేశాం. తెర వెలిగింది. బయట కొబ్బరికాయలు వలుస్తున్న చప్పుడు, పక్కింటి రేడియో. వాటి మధ్య మా ఫ్యాను సంగతి తేలలేదు. బైరాగి చెయ్యి పట్టుకుని కూలరు దగ్గర పెట్టాను.

"గాలొత్తంది," అన్నాడు. "కొబ్బరి మట్టతో విసిరినట్టు."

సాయంత్రం దాకా ఉంచి, హీట్‌సింక్ మీద వేలు ఆన్చి చూశాను. వెచ్చగా ఉంది. వేలు తీసేయాలనిపించే వేడి కాదు.

ఆ రోజు డైరీలో, ఉన్నవారి పేర్ల కింద, ఇలా రాసుకున్నాను: "జబ్బు ఏమిటని అడిగే ముందు ఏ వేళ వస్తుందని అడగాలి." ఆ తర్వాత దుకాణం మూసేదాకా ఏ మిషను వచ్చినా మొదటి ప్రశ్న అదే వేశాను. చాలామంది వింతగా చూశారు.

సోమవారం తెల్లవారుజామున కూర్మారావూ నేనూ దుప్పట్లు కప్పుకుని బైరాగి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మంచు చూరు మీంచి బొట్లు బొట్లుగా పడుతోంది. లోపల దమయంతి స్విచ్చి వేసింది. మేం చెవులు రిక్కించాం. కీచు లేదు, ఈల లేదు. కొద్దిసేపటికి ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫ్యాను సన్నగా, దూరంగా వినిపించింది. అది అన్నాళ్ళూ ఉన్నదే, పెద్ద అరుపు వెనక దాగి ఉంది. దానిమీదుగా దమయంతి గొంతు మొదలైంది. కళింగ రేవుల పాఠం. ఏ ఓడ ఏ ఋతువులో ఏ గాలికి బయల్దేరేదో చదువుతోంది. ఆమె గొంతు తగ్గిన చోట అక్షరాలు కూడా విడివిడిగా వినిపిస్తున్నాయి. కూర్మారావు నా మోకాలు తట్టాడు.

అంతలో లోపలి మంచం కిర్రుమంది.

"కరెంటు పోనాదేటి దమయంతీ?" నిద్రగొంతుతో బైరాగి. "అయ్యో, ఆళ్ళు అంత దూరం నుండొచ్చి బిగించినారు, ఇయ్యాలే పోవాలా?"

చదువు ఆగింది. కాసేపటికి అతనే, వేరే గొంతుతో, "ఓలమ్మా... తిరుగుతున్నాదా?" అన్నాడు.

కూర్మారావు ఆపుకోలేక అరుగు మీంచే పెద్దగా నవ్వేశాడు.

"అయిపోనాది," అంది దమయంతి. "అంతా పాడుసేసినారు, ముగ్గురూ కలిసి."

ఆమె వెనక్కి తిప్పి వినిపించింది. పాఠం, అక్షరం పొల్లుపోకుండా. నడుమ బైరాగి మాటలు, నిశ్శబ్దం, మళ్ళీ బైరాగి, దూరంగా కూర్మారావు నవ్వు. చెరిపేసి మొదట్నుంచీ చదువుతానని ఆమె మైకు దగ్గరికి జరిగింది.

"ఉండనీ," అన్నాడు బైరాగి. "ఈ పేజీ నాను జన్మలో మర్సిపోను. తరవాతది సదువు."

ఆమె తర్వాతి పేజీ చదివింది, ఆ తర్వాతదీ చదివింది. పనికి వేళ దాటబోతుంటే టిఫిను డబ్బా పట్టుకుని స్టేషను వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. నేను స్కూటరు తుడిచి కిక్కు కొట్టబోతుండగా, లోపల బైరాగి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. తడిమి మీట నొక్కాడు. పెదవులు కదుపుతూ ఆమెతో పాటు ఓడల పేర్లు పలుకుతున్నాడు. ఒకచోట ఆగిపోయి, ఒక్కడే నవ్వుకున్నాడు.